ఉప్పు తేరో

పాలకొల్లులో రాత్రి పన్నెండు దాటాక
రెండే చప్పుళ్లు.
చెరువుల్లో రొయ్యలకి ఊపిరి చిలికే ఏరియేటర్లు,
వీధిలో టేక్ బహదూర్ కర్ర.
మూడోది మేం.

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడలకి
మేత బస్తాలు మేకులేసి కొట్టి
చప్పుడు బైటికి పోకుండా చూసేవాళ్లం.
పోయేది.
డ్రమ్ములు గిద్యోను, చర్చిలో తిరిగిన చెయ్యి.
గిటారు త్రిమూర్తులు. బేసు నాది.
పాటా, పాట రాతా గిద్యోను చెల్లెలు సుగుణ.
పేరు ఉప్పుటేరు.

ఊళ్లో మాకు పిలుపుల్లేవని కాదు.
పెళ్లిళ్లకి పిలిచేవారు, సినిమా పాటలు వాయించమనేవారు,
మూడో పాటకి పెళ్లికొడుకు మావయ్య
మైకు లాక్కునేవాడు.
హైదరాబాదులో అడిగితే
ఇంగ్లీషులో ఉన్నాయా, అన్నారు.

ఓ రాత్రి విజిలు జేబులో పడేసుకుని
గుమ్మంలో కూర్చుని టేక్ బహదూరే అన్నాడు:
"మా ఖాట్మండులో ఇలాంటి పాటకి టిక్కెట్టు కొంటారు బాబూ."

ఇంటికి నెలకి ఇరవై రూపాయలు అడుక్కునే మనిషి
మాకు భాష ఊరికే ఇచ్చాడు.
సుగుణ పాటల్ని మాట తరవాత మాట
తన భాషలోకి తిరగేశాడు.
ఏరు పోటెత్తింది, అన్నచోట ఆగిపోయాడు.
ఏరు కిందికి పోతుంది,
వెనక్కెందుకొస్తుంది, అని.
నర్సాపురం తీసుకెళ్లాం.
వశిష్ఠ వెనక్కి నడిచొస్తుంటే
చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నుంచున్నాడు.
మాట మాత్రం దొరకలేదు.
ఆ చరణం తెలుగులోనే ఉంచేశాం.

మూడు రైళ్లు, రక్సౌల్లో గుర్రబ్బండి,
మలుపు మలుపుకీ సుగుణ వాంతి చేసుకున్న బస్సు.
థమేల్లో మేడమీది బారు. పోస్టరు మీద
మా పేరు రెండు ముక్కలైంది: ఉప్పు తేరో.
తేరో అంటే వాళ్లకి నీది.
సముద్రం లేని దేశంలో
గోడ గోడకీ, ఉప్పు నీది, అని అంటించారు.
మాకు నచ్చింది.

మొదటి పాటకే కుర్రాళ్లు నవ్వారు.
చెడ్డగా కాదు,
తాతగారి కోటు తొడుక్కొచ్చిన పిల్లాణ్ణి చూసి నవ్వినట్టు.
తరవాత మేనేజరు చెప్పాడు:
ఇది దూరప్పడమటి కొండల మాట,
ముసలాళ్లు మేకల్ని అదిలించే మాట,
ఎవరు నేర్పారు మీకు?
మా వీధి గూర్ఖా అనడానికి నోరు రాలేదు.
టీచరు, అన్నాను.

అక్కడ వీధికో బ్యాండు. నిజం చెప్పాలి కదండీ,
మాకన్నా బాగా వాయిస్తారు.
రెండొందల సీడీలు మోసుకెళ్లాం,
పదకొండు అమ్మాం.
అందులో ఒకటి గిన్నెలు తోమే కుర్రాడికి.
మూడు రాత్రులూ సబ్బు చేతులతోనే వచ్చి
వంటింటి తలుపుకి ఆనుకుని విన్నాడు.
ఊరికే తీసుకోమన్నా వినలేదు,
తడి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
నాలుగో రాత్రికి వేరే బ్యాండుని పెట్టుకున్నారు.

తిరిగొచ్చాక టేక్ బహదూర్ అడిగాడు
ఖాట్మండు ఎలా ఉంటుంది బాబూ, అని.
అప్పుడు తెలిసింది.
బఝాంగ్ కొండ దిగి తిన్నగా రైలెక్కినవాడు,
తన రాజధాని ఎప్పుడూ చూళ్లేదు.

హాలు నిండిపోయింది, అన్నాడు త్రిమూర్తులు.
నీ మాటలకి చప్పట్లే చప్పట్లు, అన్నాడు.
అతను నావైపు చూశాడు.
నేను గిన్నెల కుర్రాడి సంగతి చెప్పాను.
"ఏ ఊరట?"
అడగలేదు.
"అడగాల్సింది,"
అని విజిలు నోట్లో పెట్టుకున్నాడు,
ఊదలేదు.

కర్ర చప్పుడు
బ్రాడీపేట మలుపు దాకా వినబడింది.
గిద్యోను మోకాలి మీద వేలితో లెక్కపెడుతున్నాడు.
ఒక చోట దెబ్బ పడలేదు.
వేలు గాల్లోనే ఆగింది.